సగటు గాలి

"ఇంకా పైకి పేర్చండమ్మా. ఆ మూల కనపడకూడదు," అన్నాడు మేస్త్రీ ఏడుకొండలు.

ఏలూరు జూట్ మిల్లు రెండో షెడ్డులో మధ్యాహ్నం కాకముందే ఆడవాళ్ళ చీరలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. పొద్దుటినుంచి నార చిక్కు తీస్తున్నవాళ్ళని లేపి, వెనక మూలకి అడ్డంగా నారకట్టలు మోయిస్తున్నారు. మద్రాసు నుంచి గవర్నమెంటు ఆఫీసరుగారు వస్తున్నారట. మిల్లుల్లో గాలి అన్నిచోట్లా సమంగా ఆడుతోందో లేదో కొలుస్తారట. గాలిని ఎలా కొలుస్తారో ఏడుకొండలుకి తెలియదు. ఏ మూల దాచాలో మాత్రం తెలుసు.

హన్నమ్మ పనిచేసేది, యంత్రంలోంచి చిక్కునార వచ్చిపడే ఆ మూలలోనే. తన చోటుని తానే కప్పేస్తూ ఆమె కట్ట మీద కట్ట వేసింది.

నిరుడు ఎండల్లో ఆమె చెల్లెలు రత్నకుమారి అక్కడే పడిపోయింది. మేనేజరుగారు వచ్చేదాకా ఎవరూ కదపొద్దన్నారు. ప్రాణం పోయి చాలాసేపయిందని డాక్టరు చెప్పాక కూడా ఆ పిల్ల ఒళ్ళు చల్లబడలేదు. హన్నమ్మ పట్టుకున్న చెయ్యి జ్వరం వచ్చిన చెయ్యిలా వెచ్చగానే ఉంది. అది చూసినవాళ్ళు చూసినట్టు ఊరుకోలేదు. రత్నకుమారి ఆ మూల వదిలి పోలేదన్నారు. తరవాత అక్కడ కూర్చున్న కాంతం ఊపిరాడక తూలి పడితే, రత్నకుమారే గొంతు పట్టుకుందన్నారు. మేనేజరుగారు దిష్టి తీయించి గుమ్మడికాయ కొట్టించారు. గోడకి ఒక కిటికీ పెట్టించమని ఎవరూ అడగలేదు. దయ్యం ఉన్నచోట కిటికీ ఏం చేస్తుంది?

చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతారని వట్లూరు చర్చిలో పాస్టరుగారు చెప్పేవారు. ఆదివారం హన్నమ్మ అది నమ్మేది. సోమవారం మిల్లులో కూర్చోగానే వీపు వెనక ఎవరో కష్టపడి ఊపిరి తీస్తున్నట్టుండేది. "వొదిలెయ్యవే తల్లీ," అని గొణుక్కుంటూ నార విడదీసేది. అయినా ఆ మూలకి తానే కోరి వెళ్ళింది. చెల్లెలి పేరు చెబితే జడుసుకునేవాళ్ళ మధ్య కూర్చోవడం కంటే చెల్లెలి దగ్గర కూర్చోవడమే నయమనిపించింది.

ఆఫీసరు సూర్యప్రకాశరావుగారు మెత్తటి మనిషి. ఒక పెట్టెలోంచి గాజుగొట్టం తీశారు. దాని కింది బుడ్డికి తడిగుడ్డ తొడిగి, ఫ్లాస్కులో వేడినీళ్ళలో ముంచి తీసి, గుమ్మం దగ్గర వేలాడదీశారు. లోపల రంగునీళ్ళ గీత చకచకా దిగిపోయింది.

"ఇది ఎంత తొందరగా చల్లారితే అక్కడ గాలి అంత బాగా ఆడుతున్నట్టండి," అని మేనేజరుగారికి చెప్పారు. ఫాను కింద చూశారు. షెడ్డు నడిమధ్య చూశారు. "ఫరవాలేదండీ. సగటున బాగానే ఉంది."

"ఆ వెనక ఏముందండీ?" అన్నారు నారకట్టల వైపు చూసి.

"నార నిలవ చేసుకుంటామండి," అన్నారు మేనేజరుగారు నవ్వుతూ. "అక్కడేదో దయ్యం ఉందని మా ఆడకూలీలు అటు వెళ్ళరు. మనం చెబితే వింటారా?"

ఆఫీసరుగారు కూడా నవ్వి పెట్టె మూయబోయారు.

"నేను వెళ్తానండి," అంది హన్నమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఏడుకొండలు కళ్ళెర్రజేశాడు.

"ఏడాదై నేనక్కడే చేత్తన్నానండి. ఇందాకే ఈ కట్టలడ్డం ఎట్టించారండి."

సూర్యప్రకాశరావుగారు మేనేజరు మొహం చూసి, మనిషి పట్టేంత సందు చేయించి లోపలికి వెళ్ళారు. హన్నమ్మ వెనకే వెళ్ళింది. అక్కడ నారదుమ్ము పడదు, పోదు, మనిషి తలెత్తున నిలిచి ఉంటుంది. ఆయన గొట్టం వేలాడదీసి గడియారం చూసుకున్నారు. కోటు కాలరు తడిసిపోయింది. దగ్గు వచ్చింది. మళ్ళీ గడియారం చూశారు. గీత దిగలేదు.

హన్నమ్మ ఆ తడిగుడ్డనే చూస్తోంది. తన చేతిలో చెల్లెలి చెయ్యి ఉన్నట్టే ఉంది.

"ఎందుకు చల్లారట్లేదండి?"

"గాలి కదలడం లేదమ్మా. గాలి తగిలి తడి ఆరితేగాని చల్లబడదు."

"మనిషైనా అంతేనాండి?"

ఆయన తల ఎత్తలేదు. "మనిషైనా అంతే."

ఆయన బయటికి వెళ్ళాక కూడా చాలాసేపు ఆమె అక్కడే నిలబడింది. వీపు వెనక ఊపిరి కోసం చెవి ఒగ్గింది. ఏమీ లేదు. ఏడాదిగా తనకి తోడున్నది కూడా లేకుండా పోయింది. చెల్లెలు చచ్చిపోయిందని ఆమెకి ఆ క్షణాన తెలిసింది. కొల్లేటి గట్టున, గాలికి పైట నిలవని చోట పెరిగిన పిల్ల, గాలి లేక చచ్చిపోయింది.

బయట మేనేజరుగారు ఆఫీసరుగారికి సోడా తెప్పించారు. మాటలు వినబడుతున్నాయి. "ఆ ఒక్క మూలా కలుపుకున్నా, షెడ్డు మొత్తం మీద చూస్తే హద్దులోనే ఉంటుంది కదండీ?" "లెక్కకైతే, ఆఁ, ఉంటుందండి," అన్నారు ఆఫీసరుగారు నెమ్మదిగా. హన్నమ్మ ఆయన ఎదటికి వెళ్ళింది.

"అయ్యగారండి, సగటులో కూచోమని మమ్మల్నెవరూ అనరండి. ఆ మూలే కూచోమంటారు."

సూర్యప్రకాశరావుగారు సోడా గ్లాసు కింద పెట్టారు. పెట్టె చేతిలోకి తీసుకున్నారు. ఆయన జట్కా గేటు దాటాక, ఏడుకొండలు నారకట్టలు తీయించి దారి చేశాడు.

"పద, కూర్చో. చాలా మాటాడేవు."

"నేను కూర్చోనండి."

"నువ్వు కాకపోతే పాపాయమ్మ కూర్చుంటాది. రేపట్నించి నువ్వు గేటు దాటవు." గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలికి నువ్వైతే అలవాటు. ఈ పాపాయమ్మని పట్టుకుంటే ఆ పాపం నీదేగా?"

కొత్తగా పనిలో చేరిన పాపాయమ్మ గోడకి అతుక్కుని నిలబడింది.

"మా చెల్లెలు వట్లూరులో మట్టిలో ఉందండి," అంది హన్నమ్మ. "దాన్ని ఇక్కడ కాపలా పెట్టకండి. ఇక్కడ గాలి లేదు, అంతే. పాపాయమ్మా, ఎల్లకు."

ఏడుకొండలు మేనేజరు గది వైపు నడిచాడు. యంత్రం ఆగలేదు. చిక్కునార వచ్చి మూలలో పడుతూనే ఉంది, తీసేవాళ్ళు లేక కుప్పవుతోంది. పాపాయమ్మ అలవాటు కొద్దీ అటు ఒక అడుగు వేసింది. ఆగి, హన్నమ్మ మొహం చూసింది. మేనేజరు గది తలుపు తెరుచుకుంది.