దిష్టి తగలని పిల్ల

నేను ఒక కాటాను. ఉల్లిపాయలు తూచే కాటా అనుకునేరు, పసిపిల్లలను తూచేదాన్ని. గుండ్రటి ముఖం, ఒకే ఒక ముల్లు, కింద కొక్కేనికి లాగూలాంటి గుడ్డసంచి. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు. మొదట ఒక ఊళ్లో నాతో కందిపప్పు తూయించారు. చిన్నతనంగా ఉండేది. తర్వాత పల్నాటి పల్లెలో ఒక అంగన్‌వాడీకి వచ్చి, రజియా టీచర్ చేతిలో పడ్డాను. ఇప్పుడు అంకెలు వెలిగే కొత్త యంత్రం వచ్చింది కాబట్టి విరిగిన కుర్చీల పక్కన మూలన పడి ఉన్నాను. దానికి బాధ లేదు. నా బాధ మాణిక్యం గురించి.

మిరపకోతలకు పోయే తిరుపతమ్మకు కవలలు. ముందు పుట్టింది మాణిక్యం, వెనక అంకారావు. తూకం రోజున ఆమె అత్త వెంగమ్మ ఇద్దరినీ చెరో చంకన ఎత్తుకొచ్చేది. పిల్లను నా సంచిలో కూర్చోబెట్టేది. మనవణ్ణి మాత్రం కొంగు చాటునుంచి తీసేది కాదు.

"వాణ్ణి కూడా ఇవ్వు పెద్దమ్మా," అనేది టీచర్.

"మగబిడ్డని తూస్తే దిష్టి తగులుద్ది టీచరమ్మా. దాన్ని తూసుకో. ఆడపిల్లకి దిష్టేంది?"

నాకు నవ్వొచ్చేది. దిష్టికి కూడా ఆడామగా తేడా తెలుసన్నమాట. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. మాణిక్యం నెలనెలా తేలికైపోతోంది.

నేను చెప్పగలిగింది బరువొక్కటే. ఇంట్లో పాలు ముందు ఎవరి నోటికి చేరతాయో, జ్వరమొస్తే ఎవరిని ఆటో ఎక్కిస్తారో, ఎవరికి పసరు పోసి ఊరుకుంటారో చెప్పడానికి నా ముఖం మీద గీతలు లేవు. తిరుపతమ్మను చిన్నప్పుడే బడి మాన్పించి కోతలకు పంపారట. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటుందట. టీచర్‌తో చెప్పుకుంటుంటే విన్నాను. వాటన్నిటికీ తలా ఒక కాటా ఉంటే, అన్ని ముళ్లూ ఒక వైపే చూపించేవి.

ఒక రోజు మాణిక్యాన్ని తూస్తే, నా ముల్లు ఆగిన చోటు చూసి టీచర్ ముఖం పాలిపోయింది. "పిల్లను పెద్దాసుపత్రిలో చేర్చాలి పెద్దమ్మా. తల్లి దగ్గరుండాలి. బాబునీ తీసుకెళ్లొచ్చు."

ఆ వేళ తిరుపతమ్మ కూడా వచ్చింది. "పోతానత్తా," అంది మెల్లగా.

"ఆసుపత్రిలో రోగాలన్నీ పిల్లోడికి అంటుకుంటే? ఆడపిల్లలు గట్టిపిండాలే, అదే తేరుకుంటది. కోతలయ్యాక సూద్దాం."

తిరుపతమ్మ పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కోతలు కాకముందే మాణిక్యం చనిపోయింది. ఆ కబురు విని టీచర్ నా కింద కూర్చుని ఏడ్చింది. ఏడవడం రాని పుట్టుక నాది. ఆ రోజు దాన్ని తిట్టుకున్నాను.

మరుసటి తూకానికి అందరికంటే ముందు వెంగమ్మ వచ్చింది, వెనకే కోడలు. "వీణ్ణి తూయి టీచరమ్మా," అంటూ మనవణ్ణి తానే సంచిలో కూర్చోబెట్టింది. దిష్టి మాటే ఎత్తలేదు. వాడు కాళ్లాడించి నవ్వాడు. ముల్లు ఆ వయసుకు ఉండాల్సిన చోటే ఆగింది.

"బాగున్నాడు," అంది టీచర్. వెంగమ్మ గోడకు చేరగిలబడిపోయింది.

తిరుపతమ్మ నా దగ్గరికి వచ్చి, ముల్లు ఆగిన చోట వేలు పెట్టింది.

"మాణిక్యం కూడా ఇంత ఉండాల్సిందా టీచర్?"

టీచర్ తలూపింది.

"పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇద్దర్నీ తూశారు," అంది తిరుపతమ్మ. "అప్పుడు నా కూతురే ఎక్కువుంది."