చెప్పులు బయటే విడవాలి

మా చీరల షాపు ఓనరు రామమోహన్ గారు పులివెందులలో రెండు రోజుల వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్లి, మారిన మనిషై ప్రొద్దుటూరు వచ్చారు.

"మనల్ని మనం గమనించుకోవల్ల. పొద్దున లేసినకాడ్నుంచి ఏం జేస్తాండామో సూసుకుంటే సాలు, మనమేందో తెలిసిపోతాది" అన్నారు.

మరుసటి రోజు నుంచి గల్లాపెట్టెకు అగరబత్తి తిప్పగానే, ఎవరికి వాళ్లు తమలో ఏం గమనించుకున్నారో చెప్పడం మా పనిలో భాగమైంది. ఆయనే మొదలుపెట్టారు.

"నేను శానా మెత్తనోన్ని. అదే నా తప్పు."

నా పక్కన చీరలు చూపించే మాబున్ని అనే అమ్మాయి, "నాకసలు కోపమే రాదు సార్. పక్కనోళ్లే తెప్పిస్తారు" అంది.

"జమ్మలమడుగులో కొత్త బ్రాంచి తెరుస్తాండాం. తన సంగతి తనకు బాగా తెలిసినోళ్లనే ఆడ ఇన్‌చార్జిగా పెడతా" అన్నారు ఆయన.

మా ఊరు జమ్మలమడుగు పక్కనే. రెండు పూటలా బస్సులో నిలబడి తిరిగే నాకు ఆ కుర్చీ కావాలి. దొరుకుతుందనే నమ్మకమూ ఉంది. నేను మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. రామమోహన్ గారు కారు దిగినవాళ్లను "రాండమ్మా, కూసోండి" అంటారు. ఆటో దిగినవాళ్లను "ఏందమ్మా, సూసి పోతారా?" అంటారు. మాబున్ని ముక్కుపుడక సర్దుకుని "ఇప్పుడే దించినామక్కా" అందంటే, ఆ చీర పోయిన దసరాకు మిగిలిపోయినదని అర్థం. ఇలాంటివి ఎన్నయినా చెప్పగలను. నాలో మాత్రం ఎంత వెతికినా ఓపిక తప్ప ఏమీ దొరకలేదు. రోజూ లేచి "నాకు ఓపిక ఎక్కువ సార్" అంటుంటే నాకే విసుగు పుట్టింది.

అలాంటి ఒక రోజు దీవెనమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె నోరు తెరవకముందే నేను అడుగు అరలోంచి సింథటిక్ చీరల కట్ట లాగి ముందు పడేశాను.

"ఏం గావాల్నో నేనింకా సెప్పనే లేదు కదమ్మే?"

"ఇవి బాగా మన్నుతాయి పెద్దమ్మా."

"నా చెప్పులు మన్నలేదని, మన్నే చీర సూపిస్తాండావా?"

"అట్లేం లేదు పెద్దమ్మా."

"ఉండాది. నేను గడప తొక్కినప్పుడే నీ సూపు కిందికి పోయింది. మల్లా పైకి రాలా. ఏదీ, కండ్లు మూసుకోని నా మొగం ఎట్లుంటాదో సెప్పు."

కళ్లు మూసుకున్నాను. అరిగిన హవాయి చెప్పులు కనిపించాయి. ఎడమదానికి పిన్నీసు. మొహం రాలేదు.

మాబున్ని కిసుక్కున నవ్వింది. దీవెనమ్మ కూడా నవ్వుతూనే లేచింది. "మా జమ్మలమడుగులో మీ షాపు పడతాందంట గదా. ఆడన్నా మొగం సూస్తారేమో" అంటూ వెళ్లిపోయింది.

ఆ పూటంతా నన్ను నేను కనిపెట్టుకుని ఉన్నాను. ఎత్తు మడమల చెప్పులు లోపలికి వస్తే నా చెయ్యి పట్టుచీరల అర మీదికి పోతోంది. ప్లాస్టిక్ చెప్పులు వస్తే నడుము దానంతటదే అడుగు అరకు వంగుతోంది. బస్సులో కండక్టరు బూట్లు చూశాను. ఆదివారం చర్చిలో, కళ్లు మూసుకుని ప్రార్థన చేయాల్సిన వేళ, పాస్టరు గారి బూట్లు చూశాను. రామమోహన్ గారి చూపు రోడ్డు మీద ఉంటే, నాది గడప మీద. అంతే తేడా.

సోమవారం నా వంతు వచ్చింది. మాబున్ని మోచేత్తో పొడిచింది. "సెప్పాకు మే. కుర్చీ పోతాది."

ఓపిక అని చెబుదామనే నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. "నేను మనుషుల చెప్పులు చూసి చీరలు తీస్తున్నాను సార్" అన్నాను.

రామమోహన్ గారు కళ్లద్దాలు తీశారు. "కరెక్టయితాందా?"

"తెలీదు సార్. వేరేవి ఎప్పుడూ చూపించలేదు."

ఆ చివరి మాట ఆయన చెవిన పడినట్టు లేదు. "ఇదీ సంగతి! రోడ్డు మీదికి సూసి సూసి నా మెడ పట్టేసింది. నడిసొచ్చేటోళ్ల లెక్క నాకు యాడ తెలస్తాది? జమ్మలమడుగుకు నువ్వే పోవల్ల."

"అది నా తప్పని చెప్పినాను సార్."

"నా మెత్తదనం గూడా తప్పే. ఏం జేస్తాం? వ్యాపారానికి పనికొస్తాది."

కుర్చీ పోగొడుతుందనుకున్న తప్పే కుర్చీ ఇప్పించింది. నేను ఒక్కటే కోరాను: కొత్త షాపులో కౌంటరు వద్దు, పాత షాపుల్లోలాగా పరుపులు వేసి తెల్ల దుప్పట్లు పరుద్దాం, చెప్పులు బయటే విడవమందాం. "లక్ష్మీదేవి ఉండే సోటు. మంచి ఆలోచన" అని ఆయన ఒప్పుకున్నారు.

తెరిచిన రోజు ఆడవాళ్లు ఉత్త కాళ్లతో వచ్చి కూర్చున్నారు. నా చేతులు కాసేపు తడబడ్డాయి. తర్వాత సర్దుకున్నాయి. ఎందుకా అని చూసుకుంటే, మడమల పగుళ్లు చూస్తున్నాను.

మధ్యాహ్నం దీవెనమ్మ వచ్చింది. పరుపు మీద బాసింపట్టు వేసుకుని, చీర కుచ్చిళ్లు లాగి పాదాలు పూర్తిగా కప్పేసుకుంది.

"ఊ, ఇప్పుడు తియ్యిమ్మే, ఏం తీస్తావో."

తలెత్తాను. చిన్న కళ్లు, పై పెదవి మీద పుట్టుమచ్చ.

"ఏం చూపించమంటావు పెద్దమ్మా?"

"అన్నీ సూపీ. కొనేది తర్వాత సంగతి."

లేచి అరల ముందుకు వెళ్లాను. ఎక్కడ మొదలుపెట్టాలో నా చేతికి తెలియలేదు.