కడగకూడని సీసా

ఇరవై ఆరేళ్ళుగా మాస్టారి ముందు చిటికెన వేలు ఎత్తినవాళ్ళంతా పన్నెండేళ్ళ లోపు పిల్లలే. ఆ మంగళవారం పొద్దున్న మాత్రం డెబ్బై ఏళ్ళ అత్తగారు ఎత్తింది.

వంటింటి గుమ్మంలో నిలబడి, మొహం గోడవైపు తిప్పుకొని వేలు ఎత్తింది. తర్వాత అయిదు వేళ్ళూ చూపించింది. ఆపైన కళ్ళు మూసుకొని పళ్ళు బిగించింది. రాత్రి అయిదుసార్లు లేచిందనీ, మంటగా ఉందనీ మాస్టారికి అర్థమైంది. అల్లుడితో ఇంతకంటే వివరంగా చెప్పడం ఆవిడ మర్యాదకు కుదరదు. నుదుటి మీద చెయ్యి వేసి చూడడం ఆయన మర్యాదకు కుదరదు. థర్మామీటరు ఇచ్చారు. నూట రెండు.

ఆ అంకె చూసి మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయారు.

కిందటేడు ఆయన భార్యకు కూడా ఇలాగే మొదలైంది. మంట, చలి, నూట రెండు. మందుల షాపాయన ఒక మాత్ర ఇచ్చాడు. తగ్గలేదని డాక్టరు ఇంకో మాత్ర రాశాడు. అదీ పనిచేయలేదని మరింత పెద్ద మాత్ర రాశాడు. అందరూ ఆప్యాయంగానే ఇచ్చారు. ఏ క్రిమికి ఇస్తున్నారో ఎవరూ అడగలేదు. మాస్టారూ అడగలేదు. చివరికి పెద్ద ఆసుపత్రివాళ్ళు మూత్రాన్ని కల్చర్‌కి, అంటే అందులోని క్రిమిని పెంచి చూసే పరీక్షకి పంపారు. రిపోర్టు ఆవిడ పోయిన రెండో రోజున వచ్చింది. ఏ మందు పనిచేస్తుందో అందులో స్పష్టంగా, తప్పుల్లేకుండా రాసి ఉంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో ఆవిడ చీరల కింద ఉంచారు.

కూతురికి సాయంగా వచ్చిన అత్తగారు ఇక్కడే ఉండిపోయింది. వెళ్ళమని ఆయన అనలేదు, వెళతానని ఆవిడా అనలేదు. ఇద్దరూ ఒకే మనిషిని తలుచుకుంటూ, ఒకరి ముందు ఒకరు ఆ మాట ఎత్తకుండా రోజులు గడుపుతున్నారు.

ఈసారి ముందు పరీక్ష, తర్వాతే మాత్ర అని మాస్టారు తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం వీధి మలుపు దాకా నిలబడింది.

"మాస్టారూ! అత్తగారిని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? మంటేనా?" అని షాపులోంచి కేకేశాడు మందులాయన.

"మీకెలా తెలుసు?"

"మీ మొహం చూస్తే తెలీదా?" అంటూ అట్ట మీంచి నాలుగు మాత్రలు కత్తిరించాడు. "ఇవి వేసి పడేయండి. సాయంత్రానికి పరుగెత్తకపోతే నన్నడగండి."

అత్తగారి మూత్రంలో ఏముందో అల్లుడి మొహం చూసి చెప్పగలిగిన మనిషిని నొప్పించడం ఎందుకని, మాత్రలు జేబులో వేసుకొని ముందుకు నడిచారు.

డాక్టరు గదిలో గోడ మీద 'అంచనా కాదు, ఆధారమే మా వైద్యం' అని అద్దం కట్టించిన బోర్డు ఉంది. దాని కింద కూర్చొని డాక్టరు, వీళ్ళు కుర్చీలు లాక్కునేలోపు మందు రాసేశాడు.

"ఒక్క మాటండీ. ముందు కల్చర్ చేయిద్దామని..."

"కల్చరా? రెండు రోజులు పడుతుంది మాస్టారూ. ఈలోపు నా మాత్రతోనే తగ్గిపోతుంది."

"తగ్గకపోతే?"

"అప్పుడు కల్చర్ చేయిద్దాం."

"కిందటేడు అలాగే చేయించామండీ."

డాక్టరు కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత కాగితం అడుగున ఇంకో వరస రాశాడు. "సరే, శాంపిల్ ఇచ్చాకే మాత్ర మొదలుపెట్టండి. మీ తృప్తి కోసం."

ల్యాబ్ కిటికీలో అమ్మాయి, సీలు వేసిన కవరులో మూత ఉన్న చిన్న సీసా ఇచ్చింది. "మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. ఇక్కడే ఇచ్చేస్తే మంచిది" అని బాత్రూము చూపించింది. అత్తగారు తలుపు తెరిచి లోపలికి చూసి, వెంటనే మూసేసింది.

"ఆ గడప నేను తొక్కను" అంది అల్లుడితో.

"అయితే ఇంట్లో పట్టి గంటలోపు తెచ్చివ్వండి" అంది ల్యాబ్ అమ్మాయి.

ఇంటికొచ్చాక అసలు చిక్కు వచ్చిపడింది. మధ్యలోది పట్టడమంటే ఏమిటో అత్తగారికి అల్లుడే చెప్పాలి. మాస్టారు కిటికీ బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"వ్యాసం అనుకోండి అత్తయ్యా. ఉపోద్ఘాతం వదిలేయాలి. ముగింపూ అక్కర్లేదు. నడుమ అసలు విషయం ఉంటుంది చూడండి, అది మాత్రం సీసాలోకి."

ఆవిడ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎన్ని మార్కులకి?" అంది.

ఏడాదిలో ఆ ఇంట్లో ఎవరైనా హాస్యమాడడం అదే మొదలు.

బాత్రూములో నీళ్ళ చప్పుడు అరగంట వినిపించింది. సీసా తళతళలాడుతూ, కాగితం చుట్టుకొని, గుడ్డసంచిలో పడుకొని బయటికొచ్చింది. మాస్టారు దాన్ని ల్యాబ్‌లో ఇచ్చి వచ్చి, డాక్టరు రాసిన మాత్ర మొదలుపెట్టించారు.

గురువారానికీ జ్వరం తగ్గలేదు. రిపోర్టు మాత్రం వచ్చింది: 'క్రిములేవీ పెరగలేదు.'

"చూశారా? అసలు ఇన్‌ఫెక్షనే లేదు" అన్నాడు డాక్టరు. "వయసు, పైగా కూతురు పోయిన దిగులు. దిగులుకి కూడా జ్వరం వస్తుంది మాస్టారూ."

"మరి క్రిములకని ఇచ్చిన మాత్ర?"

"అదీ వేస్తూనే ఉండండి. మంచిదే."

లేని రోగానికి మందు కొనసాగించమన్న మాటలో తర్కం అందకపోయినా, రోగం లేదన్న మాట మాస్టారికి హాయిగానే ఉంది. ఆ హాయి ఇంటి గుమ్మం దాకా ఉంది. మంచం మీద అత్తగారు ఎర్రబడిన కళ్ళు తెరిచి, "మా అమ్మాయి ఇంకా నిద్ర లేవలేదా?" అని అడిగింది.

మాస్టారు చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగారు.

ల్యాబ్ అమ్మాయి తన పుస్తకం తిరగేసింది. "చీము కణాలు నిండా ఉన్నాయండీ. ఇన్ని ఉండి ఒక్క క్రిమీ పెరగకపోవడం నాకూ వింతగానే ఉంది. ముందే మందేమైనా వేశారా?"

"లేదు. ఇది మాత్రం ఖాయం."

"సీసా కడిగారా?"

"సీలు వేసిన సీసా, ఎవరైనా ఎందుకు కడుగు..." మాస్టారు ఆగిపోయారు. అరగంట నీళ్ళ చప్పుడు చెవుల్లో మోగింది.

ఆయన ఇంటికి వచ్చేసరికి అత్తగారు కాస్త తేరుకొని కూర్చుంది. సీసా కడిగారా అని అడిగారు.

"కడగనా మరి?" అంది నీరసంలోనూ పౌరుషంగా. "బయటివాళ్ళ చేతుల్లోకి వెళ్ళే సీసా. వేడినీళ్ళతో కడిగాను. ఫినాయిలు వేసి ఇంకోసారి కడిగాను. ఒక చుక్క వాసనకి ఉండనిచ్చాను. మనల్ని ఎవరూ ఒక మాట అనకూడదు కదా అల్లుడుగారూ!"

"ఎవరూ అనలేదు. అంత శుభ్రమైన శాంపిల్ వాళ్ళెప్పుడూ చూడలేదట."

ఆవిడ మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. మాస్టారు ముక్కాలిపీట మంచం దగ్గరికి లాక్కొని కూర్చున్నారు.

"క్రిమి ఫినాయిలుకి చావకుండా, ప్రాణాలతో వాళ్ళకి కనిపించాలి అత్తయ్యా. కనిపిస్తేనే ఏ మందుకి చస్తుందో తెలుస్తుంది. కిందటేడు మనకి తెలిసేసరికి..."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకొని లేచి నిలబడింది.

"పదండి. ఆ గడపే తొక్కుతాను."

ఈసారి సీసా ల్యాబ్‌లో సీలు తెంచుకొని, ల్యాబ్ బాత్రూములోంచే కిటికీలోకి చేరింది. మాత్ర వాడుతున్న సంగతి కాగితం మీద రాయించుకొని, "ఇంకో సీసా మీ దగ్గర ఉంచండి. జ్వరం తిరగబెడితే పనికొస్తుంది" అంది ఆ అమ్మాయి. ఇంట్లో ఉంటే దానికీ స్నానం తప్పదని మాస్టారు దాన్ని బడిసంచిలో, సుద్దముక్కల డబ్బా పక్కన దాచారు.

శనివారం రిపోర్టు వచ్చింది. ఆ కాగితం ఎలా చదవాలో మాస్టారికి ముందే తెలుసు. క్రిమి పేరు పైన, మందుల పేర్లు కింద. డాక్టరు మాత్రకు ఎదురుగా 'పనిచేయదు.' మందులాయన మాత్రకు ఎదురుగా కూడా అదే. వరసలో చివరి నుంచి మూడోదానికి 'పనిచేస్తుంది.' ఈసారి ఆ మందు వేసుకోవాల్సిన మనిషి ఇంట్లో ఉంది.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు డాక్టరు, మందు మారుస్తూ.

సోమవారం పొద్దున్న అత్తగారు గుమ్మంలోకి వచ్చి చిటికెన వేలు ఎత్తింది. తర్వాత ఇంకే వేలూ ఎత్తలేదు. రాత్రి ఒక్కసారేనన్నమాట. మొహం కూడా గోడవైపు తిప్పుకోలేదు. ఆ సాయంత్రం మాస్టారు బీరువా తెరిచి, కొత్త రిపోర్టును పాతదాని పక్కన పెట్టి, మళ్ళీ మూశారు.

వారం తర్వాత బడికి వెళుతుంటే మందుల షాపు ముందు ఒకావిడ నిలబడి ఉంది. నుదురంతా చెమట, ఒక చెయ్యి పొత్తికడుపు మీద.

"ఏం పరవాలేదమ్మా, మంటకి దీన్ని మించింది లేదు" అంటున్నాడు మందులాయన, అట్ట కత్తిరిస్తూ. "మాస్టారి అత్తగారికి కల్చర్ చేసి మరీ కనుక్కున్న మందు! అడగండి, ఆయనే వస్తున్నారు. మీకిక వేరే కల్చర్ దండగ."

మాస్టారు ఆగారు. బడిసంచి తెరిచి సుద్దముక్కల డబ్బా పక్కకి జరిపి, సీలు విప్పని సీసాను ఆవిడ చేతిలో పెట్టారు.

"అది మా అత్తయ్య క్రిమికి దొరికిన మందమ్మా. మీది ఏదో ముందు తెలియాలి. ల్యాబ్ ఈ వీధి చివరే" అన్నారు. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చారు.

"ఆ సీసా మాత్రం కడక్కండి."