పొట్టి మొక్కల గింజలు

మా అమ్మ పండించే పత్తి పుట్టుకతోనే ఇటుక రంగు. అద్దకం అక్కర్లేదు, ఉతికినకొద్దీ ఇంకా ముదురుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు మాసిన పత్తంటూ మొహం చిట్లిస్తే అమ్మకి ఒళ్ళు మండిపోయేది. "మాసింది మీ కళ్ళు" అని వాళ్ళని సాగనంపి, ఆ పత్తే వడికి, నేయించి, నాన్నకి చొక్కాలు కుట్టించేది. కుట్టేదాన్ని నేనే. ముందు గదిలో నా మిషను ఉంది.

ఆ గింజ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది. చుట్టూ అందరూ తెల్లపత్తికి మారిపోయాక మా అరెకరంలోనే మిగిలింది. తేనెటీగలకి గట్లు తెలియవు కదా, పక్క చేల పుప్పొడి మోసుకొచ్చి మా పువ్వుల మీద వాలేవి. అలా కలిసిన గింజ మరుసటేడు ఏపుగా లేచేది, కాయ లావుగా కాసేది, రంగు మాత్రం పలచబడేది. అలాంటి మొక్కల్ని అమ్మ పూతకి ముందే పీకి పారేసేది. పొట్టిగా, గిడసబారినట్టు ఉండేవాటి గింజే దాచేది.

ఇదంతా నాకూ నాన్నకీ తర్వాత తెలిసిన సంగతి. ఆవిడ మొక్కలు పీకుతుంటే తెగులేమో అనుకునేవాళ్ళం. నాన్న అడిగితే, "మీకెందుకు, మీరు నాగలి సంగతి చూసుకోండి" అని నవ్వేసేది. గింజల దగ్గర అమ్మకి కాస్త గీర. అప్పట్లో నాకది ముద్దుగానే ఉండేది.

పోయినేడు మొక్కలు మొగ్గ తొడిగే వేళకి అమ్మ గట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి, ఆ తర్వాత మంచం. చేను మొత్తం నాన్న మీద పడింది. పత్తి తీసే రోజుల్లో ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఓ సంచి కుట్టమ్మా, మంచి గుడ్డతో. మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. ఇటుకరంగు గుడ్డ మిగిలితే దాంతోనే కుట్టిచ్చాను. ఏపైన మొక్కలు చూసి, లావు కాయలు ఏరి, గింజలు చేత్తో ఒలిచి నింపాడు. రంగు పలచబడిందంటే ఎండకనుకున్నాడు. ఏ రైతైనా అంతే చేస్తాడు. అందుకే ఆయన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

"విత్తనం దాచారా?" అని అమ్మ మంచంలోంచి అడిగితే, "నీకంటే బాగా దాచాను" అని మీసం దువ్వుకున్నాడు.

ఈ ఏడు కాయలు పగిలేసరికి అమ్మ కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తోంది. చేను చూడాల్సిందేనని పట్టుబట్టింది. నాన్న బండి మీద తీసుకెళ్ళి, గట్టు మీద కుర్చీ వేసి, మహారాణిలా కూర్చోబెట్టాడు. నేను గొడుగు పట్టాను.

చేను విరగకాసింది. సగం తెలుపు, సగం పాలెక్కువైన టీ రంగు. ఇటుకరంగు ఎక్కడా లేదు.

"గింజ ఏ మొక్కలది తీశారు?" అంది అమ్మ.

"మంచివాటిదే. ఏపైనవి చూసి తీశాను."

"మరి పొట్టివి?"

"వాటినెవరు దాచుకుంటారే? గేదెలకి పెట్టేశాను." అనేశాక అమ్మ మొహం చూశాడు. "ఏం, తప్పు చేశానా?"

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తప్పు నాది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పానా మీకు?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

"ఆ గింజ ఇంకెవరి దగ్గరా లేదా?" అన్నాడు నాన్న.

"ఇంకెవరి దగ్గరుంది. నేను దాచిందంతా పోయినేడే విత్తేశాం."

నాన్న తన ఇటుకరంగు చొక్కా అంచు నలిపి చూసుకున్నాడు. తర్వాత కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పోనీ, ఇప్పుడు చెప్పు. ఎలా గుర్తుపడతావు?"

అమ్మ చెప్పింది. కాండం మీద ఎర్ర జీర ఉండాలట. మొగ్గ తల వంచుకుని ఉండాలట. ఆకు సన్నగా, లోతుగా చీలాలట. నాన్న బుద్ధిగా తలూపుతూ ఒక్కొక్కటీ మళ్ళీ పైకి అనుకున్నాడు.

"చీలడమంటే ఎంత లోతుగా?" అన్నాడు.

చూపించడానికి చేలో ఒక్క మొక్క కూడా లేదు. అమ్మ తన చెయ్యి ఆయన ముందు పెట్టి, అయిదు వేళ్ళూ చాచి చూపించింది.