తొలచని బొమ్మ

ఎవరు ఏ క్రిస్మస్ బొమ్మ చెయ్యాలో తేల్చే చీటీల్లో బాలయేసు చీటీ తన చేతికే వచ్చిందని చూడగానే బ్రిట్టా దాన్ని మళ్ళీ కాఫీ డబ్బాలో పడేద్దామనుకుంది. కానీ పక్కన కూర్చున్నది మార్లిస్ గారు. ఆవిడ కళ్ళు కప్పడం ఎవరి తరం?

"అసలు చీటీ మన పిల్లకే పడిందర్రా," అని ఆవిడ చర్చి నేలమాళిగంతా వినిపించేలా చాటింది. "నాకు చూడు, గాడిద వచ్చింది. పోనీలే, నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు, మా ఆయన ఇంట్లోనే ఉంటాడు."

అందరూ నవ్వారు. బ్రిట్టా కూడా నవ్వింది, పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని. ఆమెకు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు.

ఆ వసంతంలో మంచు కరిగిన నీళ్ళు నేలమాళిగలోకి వచ్చి, క్రిస్మస్‌కు పెట్టే తాతలనాటి పశువుల పాక బొమ్మలన్నీ పాడయ్యాయి. కొత్తవి కొనేద్దామన్నారు సంఘం పెద్దలు. బ్రిట్టా పెద్దమ్మ ఆర్డిస్ ఒప్పుకోలేదు. బడిలో పిల్లలకు మట్టిపని నేర్పి రిటైరైన మనిషి ఆవిడ. "క్రిస్మస్ ముందు మనం చేసేదేముంది, బిస్కెట్లు కాల్చడం, బజార్లు తిరగడం తప్ప? ఈసారి కూర్చుని మనమే చేద్దాం. చీటీలు తీద్దాం, ఎవరికి ఎవరొస్తే వాళ్ళతోనే పండగదాకా ఉందాం," అంది.

అలా క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలంలో శనివారాలన్నీ ఆ నేలమాళిగకే అంకితమయ్యాయి. కొవ్వొత్తి వెలిగించేవారు. దేవదూత మరియకు కనిపించిన ఘట్టమో, బేత్లెహేము ప్రయాణమో చదివేవారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పకుండా, తమకు వచ్చిన బొమ్మనే తలుచుకుంటూ మట్టి పిసికేవారు. మార్లిస్ గారు అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ ఊళ్ళో జరిగిన మొదటి అద్భుతం.

ఆ మౌనంలో మిగతావాళ్ళు ప్రార్థన చేసుకున్నారు. బ్రిట్టా పందెం కట్టింది. ఈ బొమ్మ కాల్చే బట్టీలోంచి చెక్కుచెదరకుండా బయటికొస్తే నా బిడ్డా బయటికొస్తుంది, రాకపోతే రాదు, అనుకుంది. అలాంటి పందెం కట్టమని దేవుడు అడగలేదు, మనుషులూ అడగలేదు. భయం పట్టిన మనిషి ఇలాంటి బేరాలే ఆడుతుంది. ఒకసారి అనుకున్నాక వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాలేదు.

తర్వాతి వారం ఆర్డిస్ వంకర తీగ ఉన్న పనిముట్లు పంచిపెట్టింది. "లావుగా ఉన్న బొమ్మలన్నీ కిందనుంచి తొలిచి బోలు చెయ్యండి. తర్వాత సూదితో చిల్లు పెట్టండి. లోపలి చెమ్మ ఆవిరైతే బయటికి పోడానికి దారుండాలి. లేకపోతే పేలిపోతుంది, పక్కవాటినీ చంపుతుంది."

బ్రిట్టా బొమ్మను బోర్లా తిప్పి, తీగను దాని పొట్ట కింద ఆనించింది. ఆమెకు ఆసుపత్రి బల్ల గుర్తొచ్చింది. రెండోసారి కడుపు పోయినప్పుడు డాక్టరు లోపలంతా గీకి శుభ్రం చేశాడు. ఆమె చెయ్యి ముందుకు కదల్లేదు. తడివేలితో అడుగు నున్నగా రాసి బొమ్మను బల్ల మీద పెట్టేసింది.

"తొలిచావుటే?"

"తొలిచాను పెద్దమ్మా."

కాల్చే రోజు పొద్దున లేచేసరికి కడుపులో కదలిక లేదు. ముందురోజు సాయంత్రం నుంచీ లేదని అప్పుడు గుర్తుకొచ్చింది. చల్లటి నారింజ రసం తాగింది. ఎడమవైపు తిరిగి పడుకుంది. పొట్టను తట్టింది, బతిమాలింది. భర్త టాడ్ మంచు తోసే బండి వేసుకుని ఎప్పుడో పనికి వెళ్ళిపోయాడు. ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. కానీ ఆ కబురు రెండుసార్లూ ఆసుపత్రిలోనే విన్నది. మూడోసారి వినే ధైర్యం లేదు. బొమ్మను బట్టీలోంచి తీసేస్తే చాలు, అంతా సర్దుకుంటుందని ఆమె మనసు మొండికేసింది. మంచులో కారు జారుతున్నా ఆపకుండా చర్చికి వచ్చింది.

అప్పటికే కరెంటు బట్టీకి మూత వేసి మీట నొక్కేశారు. దాని పక్కనే ఆర్డిస్, మార్లిస్ కాఫీ తాగుతున్నారు.

"రావే, రా. దేవదూతలు ఎక్కడికెళ్ళినా ముందు 'భయపడొద్దు' అనే ఎందుకంటారో ఇప్పుడే కనిపెట్టాను," అంది మార్లిస్. "మీ పెద్దమ్మ చేసిన గాబ్రియేలును చూస్తే తెలిసిపోతుంది."

బ్రిట్టా కోటైనా విప్పకుండా బట్టీ దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, ఆపెయ్. నేను తొలవలేదు."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. "తొలిచానన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. దాని పొట్ట తొలవడం నా వల్ల కాలేదు. అది పగిలితే నా బిడ్డ దక్కదని పందెం కట్టుకున్నాను. నిన్నటినుంచీ బిడ్డ కదలట్లేదు పెద్దమ్మా."

మార్లిస్ కుర్చీలోంచి లేచింది. ఆర్డిస్ మీట వైపు చెయ్యి చాపింది.

బట్టీ లోపల ఢామ్మంది. మూత అదిరింది. వెంటనే ముక్కలు రాలిన చప్పుడు వినిపించింది.

బ్రిట్టా బల్ల పట్టుకుని ఉండిపోయింది. అయిపోయింది, అనుకుంది. ఆ మాట పూర్తిగా అనుకునేలోపే పక్కటెముకల కింద ఎవరో గట్టిగా తన్నారు. మళ్ళీ ఒకటి పడింది, ఇంకా గట్టిగా.

"తన్నింది," అంది. "ఆ చప్పుడుకు జడుసుకుంది."

"తల్లి పోలికే," అంది ఆర్డిస్. అని, అమ్మాయిని పట్టుకుని ఏడ్చేసింది.

మార్లిస్ ఇద్దరినీ తన ట్రక్కులో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బిడ్డ గుండె నిక్షేపంగా కొట్టుకుంటోంది. ఇంకోసారి కదలిక తగ్గితే నారింజ రసాలు తాగుతూ కూర్చోవద్దని, వెంటనే రమ్మని నర్సు బ్రిట్టాను మందలించింది.

ఆఖరి శనివారం అందరి ముందూ బట్టీ తెరిచారు. బాలయేసు పిండైపోయాడు. గాబ్రియేలుకు ఒక రెక్క పోయింది. గాడిద రెండు చెవులూ ఊడిపోయాయి. బ్రిట్టా తల ఎత్తలేకపోయింది.

మార్లిస్ గాడిదను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇప్పుడు మా ఆయన పోలిక పూర్తిగా వచ్చింది," అంది. "ఏం చెప్పినా వినపడదు."

ఆర్డిస్ కొత్త మట్టిముద్ద తెచ్చి బ్రిట్టా ముందు పెట్టింది. కొవ్వొత్తులు వెలిగాయి, మాటలు ఆగాయి. బ్రిట్టా ఈసారి ఏ పందెమూ కట్టలేదు. భయం మాత్రం పోలేదు, ప్రసవందాకా పోదని ఆమెకు తెలుసు. బొమ్మను చేసింది, బోర్లా తిప్పింది, నెమ్మదిగా తొలిచింది. చివరికి సూది తీసుకుంది.

"ఊపిరి తీసుకో నాన్నా," అంది పైకే, మౌనంగా ఉండాలన్న నియమం మరిచి. బొమ్మకు చిల్లు గుచ్చింది. ఎవరూ తలెత్తి చూడలేదు. లోపల బిడ్డ తంతూనే ఉంది.