ఎండకు తాళం

మా చెల్లి పోయింది సోమవారం పొద్దున పదకొండింటికి. పన్నెండున్నరకు కంపెనీ హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది, మంచం ఖాళీ చేయమని. మర్నాటి సాయంత్రానికి ఆ మంచం మీదికి కొత్తమ్మాయి వస్తోందట.

మర్నాడు బడికి సెలవు పెట్టి వెళ్ళాను. గదిలో ఎనిమిది మంచాలు, ఒక కిటికీ. ఆ కిటికీకి బయటినుంచి రేకు కొట్టారు. వార్డెన్ చీపురు కర్రతో చెల్లి మంచం కింద గెలికి ఒక తాడు బయటికి లాగింది. మంచం కోళ్ళ మధ్య కట్టుకున్న తాడు అది. దాని మీద మడతలు పెట్టి కుట్టిన గుడ్డలు ఆరు. చెల్లి ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులైనా అవి ఇంకా తడిగానే ఉన్నాయి.

"చూశారా, ఇవీ వీళ్ళ అలవాట్లు," అంది వార్డెన్. గుడ్డలు కర్ర చివర ఊగుతున్నాయి. "చదువుకున్నవారు, మీరైనా నేర్పాల్సింది."

"ఎండలో ఎందుకు వేయలేదు?"

"మేడ తలుపుకు తాళం ఉంటుందండీ. రోడ్డు మీదికి కనబడతాయి. సరుకు కొనేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. బాగుంటుందా చెప్పండి?"

కర్ర మీది గుడ్డలను చేత్తో తీసుకున్నాను. అంచు రెండుసార్లు మడిచి, దారం పైకి తేలకుండా కుట్టింది. చెల్లి కుట్టు ఎప్పుడూ అలాగే ఉండేది. నేను వాటిని సంచిలో పెట్టుకుంటుంటే వార్డెన్ ముక్కు మూసుకుంది.

ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో చెప్పాలి. నెలసరి రోజుల్లో ప్యాడ్ లేకుండా తొడుక్కునే లోదుస్తులు తయారు చేస్తుంది. ఒంటికి తగిలేది మెత్తటి పొర, మధ్యలో పీల్చుకునే పొర, బయట తడి దాటనివ్వని పొర. ఉతికి ఆరేసుకుని మళ్ళీ వాడుకోవచ్చు. మంచి వస్తువే. ప్యాకెట్ మీద 'స్వేచ్ఛగా ఉండండి' అని అచ్చు వేస్తారు. మా చెల్లి మూడో అంతస్తులో రోజుకు మూడు వందల స్వేచ్ఛలకు నడుము దగ్గర ఎలాస్టిక్ ఎక్కించేది. కుట్టు వంకరపోయినవి కింద కటింగ్ బల్ల దగ్గరికి వెళ్తాయి. అక్కడ పనిచేసే, అందరూ పెద్దమ్మ అని పిలిచే పెద్దావిడ వాటిని కత్తెరతో రెండుగా నరికి చెత్తలో వేయాలి. చెత్తలో పడినదైనా సరే, కుట్టినవాళ్ళు తొడుక్కోకూడదు. కంపెనీ రూలు అది.

మూత్రపిండాల్లో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని డాక్టరమ్మ చెప్పింది. తడిగుడ్డల వల్లేనా అంటే, కచ్చితంగా చెప్పలేనంది. "గంటల తరబడి ఆపుకోవడం, నీళ్ళు తాగకపోవడం, వీటివల్ల మాత్రం ఇలా అవుతుంది. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేది," అంది.

రెండు రోజుల ముందే చెల్లి సెలవు అడిగింది. సంక్షేమాధికారి ఇవ్వలేదు. గదిలోకి రాకముందే వాసన వస్తుందని ఆయన్ని అందరూ సెంటుసారు అంటారు. "ఒళ్ళు వెచ్చబడ్డ ప్రతిదానికీ సెలవిస్తే మేం తాళం వేసుకుని పోవాలి," అన్నాడట. తాళాలు వేయడంలో ఆయనకు చాలా అనుభవం ఉంది.

నలభై మిషన్లకు ఒక పచ్చ బిళ్ళ ఉంటుంది. బిళ్ళ చేతిలో ఉన్నవాళ్ళే మరుగుదొడ్డికి లేవాలి. లేచి వెళ్ళినా పంపులో నీళ్ళుండవు. అందుకని అందరూ తాగే నీళ్ళు మానుకున్నారు. మా చెల్లి అందరికంటే బుద్ధిగా మానుకుంది.

ఆదివారం, కంపెనీకి అర్జీ పెడదామని ఆ గదిలోనే కూర్చున్నాం. ఎనిమిది మంచాల మీద ముప్పైమంది. చెల్లి పక్కమంచం అమ్మాయి కాజాలు కుడుతుంది, కాజాలపిల్ల అంటారు. నాకు చోటిచ్చి తను కింద కూర్చుంది.

"టీచరక్కా, అర్జీ మీరే రాయాలి. మేం రాస్తే తిట్లు వచ్చేస్తాయి."

"రానీవే, తిట్లే రాద్దాం," అంది పెద్దమ్మ.

నేను రాశాను: 'మహిళా కార్మికులకు తగిన పరిశుభ్రతా సౌకర్యాలు కల్పించవలసినదిగా ప్రార్థన.' బాగుందన్నారు. పెద్దమ్మ మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

"ఇందులో మన సంగతి ఎక్కడుందమ్మా?"

"అదే పెద్దమ్మా, కొంచెం మర్యాదగా రాశాను."

"ఓహో," అంది.

మూడు వందల పన్నెండుమంది సంతకాలు పెట్టారు. పది రోజులకు జవాబు వచ్చింది. భోజనాల హాలులో గోడనిండా బ్యానర్ కట్టారు, 'పరిశుభ్రతా అవగాహన సదస్సు' అని. నన్నూ పిలిచారు. కుర్చీలు పైవాళ్ళకు, చాపలు కుట్టేవాళ్ళకు. మనిషికో సబ్బు పంచారు.

సెంటుసారు మైకు పట్టుకున్నాడు. "మాకు శుభ్రత నేర్పండని మీరే అర్జీ పెట్టుకున్నారు. సంతోషం. ఈమధ్య ఒక దురదృష్టకర సంఘటన జరిగింది. కాస్త శుభ్రంగా ఉండి ఉంటే ఆ అమ్మాయి ఇవాళ మన మధ్య ఉండేది. కంపెనీ మీకు తల్లి లాంటిది. తల్లి చెప్పకపోతే ఎవరు చెప్తారు?"

నేను వెనక వరసలో ఉన్నాను. 'పరిశుభ్రత' అన్న ఆ మాట నాది. తప్పు చెల్లి మీదికి నెట్టడానికి వాళ్ళకు ఒక మాట కావలసి వచ్చింది. నేను చక్కటి అక్షరాలతో రాసిచ్చాను.

తర్వాత ఒక పెట్టె విప్పారు. అందులో మెత్తటి చిన్న కప్పులు, ఎవరో దాతలు పంపినవి. "లోపల అమర్చుకుంటే పది పన్నెండు గంటలు లేవనక్కర్లేదు. ఒక్కటి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. పనికి అడ్డే రాదు."

"మన కోసం కాదే, మిషన్ కోసం," అని నా ముందు వరసలో గొణుగుడు.

"కప్పులిస్తారంటే టీ అనుకుని వచ్చా."

"దీన్లో ఏం పడుతుందే, సారుకి గుక్కకి సరిపోదు."

కాజాలపిల్ల లేచింది. "సార్, మరిగే నీళ్ళలో ఉడకబెట్టాలని కాగితం మీద ఉంది. మా కెటిల్‌లు పోయినవారమే పట్టుకుపోయారు కదా?"

"అది అగ్నిభద్రత విభాగం అమ్మా."

"చేతులు కడుక్కోమని ఉంది. పంపులో నీళ్ళు లేవు."

"అది ప్లంబింగ్ విభాగం."

"మరి మీరు ఏ విభాగం సార్?"

"సబ్బు విభాగం!" అని మూలనుంచి కేక. హాలంతా నవ్వింది. సెంటుసారూ నవ్వాడు. కార్మికులు నవ్వినప్పుడు తనూ నవ్వాలని ఎక్కడో శిక్షణలో చెప్పి ఉంటారు.

మళ్ళీ ఆదివారం గదిలో పెద్ద రగడ.

"కప్పు మంచిదే. మా వదిన రెండేళ్ళ నుంచీ వాడుతోంది."

"మీ వదినకు పెళ్ళయింది. మా అమ్మకు తెలిస్తే నా వీపు చిట్లగొడుతుంది."

"కప్పుకీ పెళ్ళికీ ఏంటే సంబంధం? నీ శరీరం, నీ ఇష్టం."

"ఇవన్నీ ఎందుకు, కింద ప్యాడ్ల మిషన్ ఉందిగా?"

"దాని రిబ్బన్ కత్తిరించిన రోజు నాలుగు పడ్డాయి. నాలుగూ ఫొటోలోకే పోయాయి."

"గుడ్డే నయం. మన చేతిలో పని."

"ఆ, నయమే. మంచం కింద బూజు పట్టినా నయమే!"

పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తింది. "నాకా బాధ తీరి ఆరేళ్ళయింది, అందుకే చల్లగా చెప్తున్నా, వినండి. గుడ్డ మంచిదే. కప్పు మంచిదే. రోజంతా నేను నరికి పారేసేవీ మంచివే. గుడ్డకి ఎండ కావాలి, మేడ తాళం వాళ్ళ దగ్గరుంది. కప్పుకి వేడినీళ్ళు కావాలి, కెటిల్ వాళ్ళ దగ్గరుంది. ఏది మార్చుకోవాలన్నా పది నిమిషాలు కావాలి, బిళ్ళ వాళ్ళ దగ్గరుంది. అన్నీ గుప్పిట్లో పెట్టుకుని మనల్ని ఎంచుకోమంటున్నారు. మనమేమో ఏది గొప్పదని జుట్లు పట్టుకుంటున్నాం."

పెద్దమ్మ ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసింది.

"ఈసారి నేను చెప్తా, నువ్వు రాయి టీచరమ్మా. మాకు నెలనెలా రక్తం పోతుంది. ఆ గుడ్డలు ఆరేసుకోడానికి మేడ తలుపు తీయండి. కడుక్కోడానికి నీళ్ళు ఇవ్వండి. లేవడానికి మిమ్మల్ని అడగం."

'రక్తం పోతుంది' దగ్గర నా చెయ్యి ఆగింది. వేరే మాట ఉంది, పుస్తకాల్లో వాడేది. కాజాలపిల్ల నా కలం పట్టుకుంది.

"వద్దక్కా. ఆ మాట వేస్తే ఈసారి షాంపూ ఇస్తారు."

చెప్పింది చెప్పినట్టే రాశాను. సెంటుసారు మొదటి వాక్యం చదివి కాగితం వెనక్కి తోసేశాడు. "ఆడవాళ్ళయ్యుండి ఇదేం భాష?" అన్నాడు. ఆ రక్తమే లేకపోతే ఆయన కుర్చీకి కాళ్ళుండవు. అయినా మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

గురువారం కాజాలపిల్లకు జ్వరం. నడుములో పోటు, వణుకు. మా చెల్లికి ఎలా మొదలైందో అలాగే. బిళ్ళ కోసం రెండుసార్లు అడిగింది. "నీ ముందు ఐదుగురున్నారు," అన్నాడు సూపర్‌వైజర్. మూడోసారి అడక్కుండా లేచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"కూర్చో."

"కూర్చోను. మా గదిలో ఒకతి కూర్చుని కూర్చునే పోయింది."

ఆమె పక్క మిషన్ ఆగింది. దాని పక్కది ఆగింది. కాసేపటికి మూడో అంతస్తులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇద్దరు ఆ పిల్లను చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు మిషన్ల దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. ఆవరణ దాటి హాస్టల్ మెట్లెక్కారు. ఫోన్ వస్తే నేను పాఠం మధ్యలో వదిలి వచ్చాను. వచ్చేసరికి మెట్లనిండా వాళ్ళే.

మేడ తలుపుకు వీపు ఆనించి వార్డెన్ నిలబడి ఉంది. "తాళంచెవి ఆఫీసులో ఉందమ్మా!"

"ఉండనీ, మాకు దాంతో పనేముంది?" అంది పెద్దమ్మ. బట్ట తాను చుట్టే ఇనుప కడ్డీ కిందినుంచి చేతులు మారుతూ పైకి వచ్చింది. వార్డెన్ పక్కకు తప్పుకుంది. నాలుగు దెబ్బలకు గొళ్ళెం ఊడింది.

మిట్టమధ్యాహ్నం ఎండ. మంచాల కిందినుంచి తెచ్చిన గుడ్డలతో తాళ్ళు నిండిపోయాయి. పిట్టగోడ నిండింది. మేడ మీదున్న కంపెనీ పేరుపలకలో ఒక్కొక్క అక్షరానికీ తగిలించారు. పెద్దమ్మ ఆ పొద్దున కత్తెర ముట్టుకోలేదు. వంకర కుట్టు పడినవి ముప్పై ఎనిమిది, బుట్టతో తెచ్చి పంచింది. "తొడుక్కోండే, కుట్టింది మీరేగా," అంది. రోడ్డు మీద బస్సులు ఆగాయి. కొందరు తల తిప్పుకున్నారు, కొందరు లెక్కపెట్టారు. అప్పటినుంచీ నా సంచిలోనే ఉన్న చెల్లి గుడ్డలు ఆరూ సీసా నీళ్ళతో జాడించి నేనూ వేశాను. గంటలో ఆరాయి.

మూడింటికి పోలీసులు వచ్చారు. దొంగతనం కేసు.

"ఏం పోయాయి?" అని అడిగాడు అధికారి, కాగితం తీసి.

సెంటుసారు దగ్గాడు. "కంపెనీ ఉత్పత్తులు."

"అంటే?"

"వస్త్ర... వస్త్రసామగ్రి."

"రాసుకో నాయనా," అంది పెద్దమ్మ. "ఆడవాళ్ళు ముట్టు రోజుల్లో తొడుక్కునే చెడ్డీలు, ముప్పై ఎనిమిది, వంకరవి. పేరు పలకడానికే నోరు రాదు, పట్టుకుపోవడానికి బండి వేసుకొచ్చారు. సిగ్గు మీకా, మాకా?"

అధికారి 'వస్త్రసామగ్రి' అనే రాసుకున్నాడు. ఆమెను బండి ఎక్కించారు. మూడు వందలమంది ఆ బండి వెనకే స్టేషన్ దాకా నడిచారు.

అయిదు రోజులు ఒక్క మిషన్ తిరగలేదు. ఆరో రోజు మేడ తలుపు తెరిచారు, పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా. కిటికీకి రేకు తీసేశారు. కాజాలపిల్ల బతికింది.

పెద్దమ్మను ఇంకా విడిచిపెట్టలేదు. నలభైమందికి ఇప్పటికీ ఒకటే బిళ్ళ. మూడో అంతస్తు పంపులో నీళ్ళు రావడం లేదు.