పదకొండు గంటల గడి

సిగ్నల్ వాళ్ల బతుకు ఎలాంటిదంటే, ఫోన్లు మోగినంతకాలం వాళ్లున్నారన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఒక్క ఫోను మూగబోయిందా, ఇక శిబిరం మొత్తం వాళ్ల మీదే పడుతుంది. వంటవాడికి కూరగాయల లారీ ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి, డాక్టరుకి మందుల పెట్టె సంగతి కావాలి, కెప్టెన్‌కి పైవాళ్లు తిట్టే తిట్లు సాంతం వినబడాలి. "పొద్దస్తమానం ఏం చేస్తుంటారయ్యా మీరు?" అని పైనుంచి దెప్పుడొకటి. ఏం చేస్తారా! నలభై బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టి తీస్తారు. ఎలకలు కొరికిన తీగలు అతుకుతారు. తీగ తీగకీ రెండు కొసలా చీటీలు కడతారు. జనరేటరులో పేరుకున్న దుమ్ము దులిపి, ఆ దుమ్ము తామే మింగి, ఇంతా చేసి చల్లారిపోయిన టీ తాగుతారు.

ఆ సిగ్నల్ గదిలో, గదంటే గదేం కాదు, ఇసుక బస్తాల మధ్య దింపిన ఇనప డబ్బా, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా రేడియో దగ్గర కూర్చునేది కంచుగొంతు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆవిడ మైకు నొక్కి ఒక్క మాటంటే ఇరవై మైళ్ల అవతలి వాడికైనా నిద్రమత్తు వదిలిపోవాల్సిందే. అందుకని ఆ పేరే ఖాయమైపోయింది. ఇంటి దగ్గర భర్త, అత్తగారు, ఐదేళ్ల కూతురు. కూతుర్ని కళ్లారా చూసి పదకొండు నెలలైంది. ఫోన్లో వింటే సరిపోతుందనుకునే వాళ్లు ఐదేళ్ల పిల్లకి జడ వేసి ఎరగరని ఆవిడ అంటుంది.

శిబిరానికి ఎదురుగా ఒక పెద్ద కొండ. కొండ అవతలి లోయలో తిరిగే దళాల మాట ఇవతలికి వినబడాలంటే, శిఖరం మీద ఒక స్తంభం, ఒక రేడియో, వాటికి కాపలాగా ఇద్దరు మనుషులు ఉండి తీరాలి. ఆ కొండ మీది కేంద్రం పేరు కొంగ, శిబిరం పేరు గూడు. ఈ వారం పైన ఉన్నవాళ్లలో ఒకడు వాగుడుకాయ, ఇంకొకడు మౌనముని. ఈ జంటను ఏ మహానుభావుడు కలిపాడో గానీ, ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. ఒకడికి చెప్పుకోవడానికి మనిషి దొరికాడు, రెండోవాడికి మాట్లాడే పని తప్పింది.

గంటగంటకీ గూడు నుంచి పిలుపు వెళ్లాలి. "కొంగా, కొంగా, గూడు పిలుస్తోంది. వినిపిస్తోందా? ఓవర్." వాళ్లు జవాబివ్వాలి. వెంటనే పుస్తకంలో ఒక గడి నింపాలి: ఎన్నింటికి, ఎవరితో, ఎంత స్పష్టంగా, పక్కన పొట్టి సంతకం. ఒక పిలుపుకి జవాబు రాకపోతే ఎదురుచూడాలి, వరసగా రెండు పిలుపులకి రాకపోతే మనుషులు స్ట్రెచరు పట్టుకుని కొండెక్కాలి. అదీ నియమం.

ఇప్పుడు అసలు సంగతి చెప్పుకోవాలి. సరిగ్గా గంట కొట్టే వేళకే మూడు ఫోన్లు కలిసి మోగుతాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. అప్పుడు పెన్ను వెతుక్కుంటూ కూర్చుంటే పనవదు. అందుకని ఆ గదిలో ఒక అలవాటు పుట్టింది. డ్యూటీ ఎక్కగానే, చేయి ఖాళీగా ఉన్నప్పుడే, ఎనిమిది గంటల గడులూ ఒకేసారి నింపేస్తారు. "స్పష్టంగా వినిపించింది" అని ఎనిమిది సార్లు, సంతకాలతో సహా. గడులు నాటెయ్యడం అంటారు దాన్ని. ఎలాగూ రోజూ స్పష్టంగానే వినిపిస్తుంది కదా! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పిలవని పిలుపుకి జవాబు కూడా వచ్చేసినట్టే.

ఆ రోజూ కంచుగొంతు ఆరింటికే ఎనిమిది గడులూ నాటేసింది. చేయి పుస్తకం మీద ఉందే గానీ మనసంతా కెప్టెన్ బల్ల మీదుంది. సాంకేతిక శిక్షణకి పెట్టుకున్న దరఖాస్తు మీద ఆ పూటే సంతకం పడాలి. తొమ్మిది నెలల శిక్షణ, అదీ తన సొంతూళ్లోనే. పొద్దున ఇంటి నుంచి వెళ్లి, సాయంత్రం ఇంటికి రావచ్చు. రోజూ పిల్లకి జడ వేయొచ్చు.

తొమ్మిదింటికి కొంగ పలికింది. పదింటికీ పలికింది. "అక్కా, ఇక్కడ గాలి పిచ్చెక్కి కొడుతోంది," అన్నాడు వాగుడుకాయ. "మా మౌనముని టోపీ లేచి లోయలోకి పోయింది. అయినా మనిషి నోరు విప్పితే ఒట్టు. ఓవర్."

పదిన్నర దాటాక కెప్టెన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. తీగలు చూసే కుర్రవాణ్ణి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి, "ఇదిగో తమ్ముడూ, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా. రేడియో జోలికి పోకు, ఫోన్లు మాత్రం ఎత్తు," అని పరుగెత్తింది. కెప్టెన్ అక్కడ కాసేపు నిలబెట్టి, చదివి, సంతకం పెట్టి, "నీలాంటి వాళ్లు వెళ్లాలమ్మా," అన్నాడు. ఇంకేముంది, ఆవిడ కాళ్లు నేల మీద లేవు. తిరిగొస్తుంటే ఇళ్లకి మాట్లాడుకునే ఫోను ఖాళీగా కనిపించింది. ఎప్పుడూ ఇరవై మంది వరసలో ఉండే ఫోను! ఆగుతుందా?

"అత్తయ్యా, నేనే. వచ్చేస్తున్నా. ఈ నెలాఖరుకే!"

అవతల అత్తగారు పెట్టిన కేక ఫోను అక్కర్లేకుండానే వినబడేటట్టుంది. గదికి తిరిగొచ్చేసరికి పదకొండుంపావు. కుర్రవాడు లేస్తూ, "అక్కా, వంటశాల ఫోన్లో గరగరట, వంటవాడు ప్రాణం తీస్తున్నాడు," అన్నాడు. ఆవిడ కూర్చుని అలవాటుగా పుస్తకం వైపు చూసింది. పదకొండు గంటల గడి నిండి ఉంది, తన సంతకమే. కన్ను ముందుకు జారిపోయింది. వంటశాల తీగ సంగతి చూడటంలో పడింది.

పన్నెండింటికి పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. రెండో చానల్లో పిలిచింది. బుస్సుమని గాలి శబ్దం తప్ప ఏమీ లేదు.

సిగ్నల్ జట్టుకి పెద్ద ఒక సార్జెంటు, మేస్త్రి అంటారు. తీగ వంకరగా కట్టినా, మనిషి వంకరగా నిలబడినా ఆయనకి ఒకటే కోపం. ఆయనొచ్చి తనే రెండుసార్లు పిలిచి చూసి, పుస్తకం లాక్కుని చదివాడు.

"పదకొండింటికి బాగానే ఉన్నారుగా. బ్యాటరీ మారుస్తూ ఉంటారు, లేకపోతే ఆ వాగుడుకాయ ఏదో పీకి పెట్టుంటాడు. తప్పింది ఒక్కటే. ఒంటిగంట దాకా చూద్దాం."

"అలాగే మేస్త్రి గారూ," అంది కంచుగొంతు. అని, పదకొండింటికి వాగుడుకాయ ఏం చెప్పాడా అని గుర్తు చేసుకోబోయింది. ప్రతి పిలుపుకీ వాడొక కబురు చెబుతాడు. పదింటికి టోపీ. తొమ్మిదింటికి టీపొడి అయిపోవచ్చిందని. మరి పదకొండింటికి? ఎంత తవ్వినా ఏమీ రాలేదు. అప్పుడు వెలిగింది. పదకొండింటికి తను ఈ కుర్చీలోనే లేదు. అత్తగారితో మాట్లాడుతోంది.

అంటే తప్పింది ఒకటి కాదు, రెండు. మనుషులు ఈపాటికే బయలుదేరి ఉండాలి. కొండెక్కడానికి రెండున్నర గంటలు. నాలుగు కాకముందే ఆ శిఖరాన్ని మబ్బు కమ్మేస్తుంది, కమ్మాక హెలికాప్టరు వాలదు.

నిజం చెప్పొద్దూ, ఆవిడ వెంటనే లేచి చెప్పెయ్యలేదు. పుస్తకం ఎదురుగా ఉంది, సంతకం తనది, ఫోన్ల గోలలో ఆ కుర్రవాడికీ పట్టి ఉండదు. బ్యాటరీయే అయ్యుండొచ్చు. ఒంటిగంటకి వాడే నవ్వుతూ పలకొచ్చు. నోరు మూసుకుంటే నెలాఖరుకి ఇంట్లో ఉంటుంది. నోరు విప్పిందా, దొంగ రాతలు రాసినదాన్ని శిక్షణకి ఎవడు పంపుతాడు? పిల్ల మొహం కళ్ల ముందు కదిలింది. దాని పక్కనే ఆ గాలిలో టోపీ లేని మౌనముని మొహం కూడా కదిలింది. ఇవన్నీ ఆలోచించడానికి పట్టింది రెండు నిమిషాలే గానీ, ఆ రెండు నిమిషాలకి ఆవిడ ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

"మేస్త్రి గారూ, పదకొండింటికి నేను పిలవలేదు."

గుమ్మం దాటబోతున్న మేస్త్రి ఆగాడు. "ఏంటీ?"

"గడి పొద్దున్నే నాటేశాను. ఆ టైముకి నేను గదిలో లేను. రెండు తప్పాయి. మనుషుల్ని పంపించండి."

మేస్త్రి మొహం కందగడ్డలా అయింది. తిడతాడనుకుంది, తిట్టలేదు. అంతకంటే భయం వేసింది. బయటికి పరుగెత్తి ఈల వేశాడు. పన్నెండూ పదికల్లా ఆరుగురు మనుషులు, ఒక స్ట్రెచరు, ఒక పెద్ద రేడియో కొండదారి పట్టాయి. కెప్టెన్ వచ్చి సంగతంతా విని, ఆవిడ వంక చూశాడు.

"సంజాయిషీ తర్వాత. ముందు పిలుస్తూ ఉండు."

పిలిచింది. అయిదు నిమిషాలకోసారి పిలిచింది. ప్రతిసారీ గడియారం చూసి, పిలిచి, చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే రాసింది: జవాబు లేదు. జవాబు లేదు. జవాబు లేదు. రెండింటికి డ్యూటీ మారేవాడు వచ్చాడు. ఆవిడ లేవలేదు. అతను గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

రెండూ నలభైకి సెట్టు గరగరలాడింది. కొండ మీదికి మోసుకెళ్లిన పెద్ద రేడియో నుంచి పిలుపు. పలికిన గొంతు మాత్రం గదిలో ఎవరికీ తెలియలేదు.

"గూడూ, నేను మాట్లాడుతున్నా, కొంగ నుంచి. పదింపావుకి గాలికి స్తంభాన్ని లాగి నిలబెట్టే తీగ తెగింది. స్తంభం వీడి కాలి మీద పడింది. ఎముక విరిగింది, రక్తం చాలా పోయింది, కట్టు కట్టాను గానీ ఆగి ఆగి కారుతోంది. చేతి సెట్టు మాట గూటిదాకా రాదు, వీణ్ణి వదిలి దిగలేను. తొందరగా ఏదో ఒకటి చెయ్యండి, బాబ్బాబు! ఓవర్."

"ఎవరది?" అన్నాడు కెప్టెన్.

"మౌనముని సార్," అన్నాడు మేస్త్రి. "ఏడాదికి సరిపడా ఇప్పుడే మాట్లాడేశాడు."

హెలికాప్టరు మూడూ ఇరవై అయిదుకి వాలింది, మూడున్నరకి లేచింది. నాలుగయ్యేసరికి కొండ తలకాయ కనబడలేదు. ఒంటిగంటకి బయలుదేరి ఉంటే మనుషులు మూడున్నరకి చేరేవాళ్లు, హెలికాప్టరు మబ్బులోనే తిరిగి వెనక్కి పోయేది. ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. గదిలో ప్రతివాడూ లోపల్లోపల వేసుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోను చేశాడు. ప్రాణానికి భయం లేదు, కాలు కూడా నిలబడుతుంది. "ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే కాలి మాట దేవుడెరుగు. ఒక్క సాయం చెయ్యండి, మనిషిని కాస్త నోరు మూసుకోమనండి. వార్డులో ఎవడికీ నిద్ర లేదు." ఆ మాటకి కంచుగొంతు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే భోరుమని ఏడ్చింది.

కెప్టెన్ పిలిపించాడు. దరఖాస్తు బల్ల మీదుంది, సంతకం మీద అడ్డగీత ఉంది.

"ఇప్పుడు పంపలేనమ్మా. నువ్వు పిలవకుండా రాసిన గడి ఒకటి, ఒప్పుకున్న నోరు ఒకటి. రెండూ నీవే. రెండూ రిపోర్టులో రాశాను. ఆర్నెల్లకి ఇంకో జట్టు వెళ్తుంది. అప్పటిదాకా నీ పుస్తకం రోజూ నేను చూస్తా. బాగుంటే నేనే మళ్లీ సంతకం పెడతా."

"చాలు సార్," అంది. నిజంగానే చాలనిపించింది.

బయట మేస్త్రి నిలబడి ఉన్నాడు, టోపీ చేతుల్లో నలిపేస్తూ. "గడులు నాటడం ఈ గదిలో ఎవరు నేర్పారో తెలుసా?" అన్నాడు. ఆవిడకి తెలుసు. చేరిన మొదటి వారంలో నేర్పింది ఆయనే. కానీ ఆ మాట అనలేదు. "లోపలికి పోయి అదే చెప్పొస్తా. కడుపులో పెట్టుకుంటే నాకు అరగదు," అని తలుపు తట్టాడు.

సాయంత్రం ఇళ్ల ఫోను దగ్గర వరసలో ముప్పావు గంట నిలబడి, తన వంతు రాగానే ఇంటికి చేసింది. అత్తగారికి సంగతంతా చెప్పింది. ఆ పెద్దావిడ, "మంచిపనే చేశావు. ఎవడి కన్నకొడుకో బతికాడు. కానీ దీనికి నేను చెప్పలేను తల్లీ, నువ్వే చెప్పు," అని ఫోను పిల్లకిచ్చింది.

"అమ్మా! వీధిలో అందరికీ చెప్పేశా నువ్వొస్తున్నావని."

"ఇప్పుడు రావట్లేదు బుజ్జీ. అమ్మ ఒక తప్పు చేసింది. చెయ్యని పని చేశానని రాసింది."

"మా టీచరు తప్పు చేస్తే గుంజీళ్లు తీయిస్తుంది. నీచేత కూడా తీయిస్తున్నారా?"

"తీయిస్తున్నారు."

"ఎన్ని?"

"చాలా ఉన్నాయమ్మా. ఆర్నెల్లు పడుతుంది."

"అమ్మో! కాళ్లు నొప్పెడతాయి." పిల్ల ఆలోచించింది. "సగం నేను తీసేస్తాలే. అప్పుడు తొందరగా అయిపోతాయి కదా. నువ్వు లెక్కపెట్టు."

ఫోను కింద పెట్టిన చప్పుడైంది. దూరంగా, రొప్పుతూ, చిన్న గొంతు వినిపించింది: ఒకటి, రెండు, మూడు. కంచుగొంతు కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ చెవితో విన్నాకే, పైకి లెక్కపెట్టసాగింది. వెనక వరసలో పద్దెనిమిది మంది ఉన్నారు. తొందరగా కానివ్వమని ఒక్కరూ అనలేదు.